పాత కారు అద్దం మీద నీళ్లు పడటం లేదా? మోటార్ కొనే ముందు ఈ వరసలో చూడండి

"స్విచ్ నొక్కితే నీళ్లు రావడం లేదండీ, మోటార్ మార్చాల్సిందేనా?" పద్మిని, అంబాసిడర్, కాంటెస్సా, మొదటి తరం మారుతి 800, ఇలా ఏ పాత కారు ఉన్నవాళ్లు కలిసినా నన్ను ఈ మాట అడుగుతూనే ఉన్నారు. సెప్టెంబర్ చివరికి, అంటే చెన్నైలో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే ముందు, ఇంకా ఎక్కువ. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. ఆ తనిఖీలో వైపర్లు కూడా చూస్తారు. అప్పుడు గుర్తొస్తుంది చాలామందికి.

నా జవాబు ఎప్పుడూ ఒకటే. మోటార్‌ని చివర్లో చూడండి. ఎక్కువసార్లు తప్పు నీళ్లు నడిచే దారిలో ఉంటుంది, మోటార్‌లో కాదు. పైగా పాత కారుకు సరిపోయే అసలు మోటార్, అసలు బాటిల్ ఒకసారి పారేస్తే మళ్లీ దొరకవు.

"నీళ్లు రాకపోతే ఏమైంది, గుడ్డతో తుడుచుకుంటాం" అనకండి. మెట్రో పనుల దుమ్ము పట్టిన పొడి అద్దం మీద ఒక్కసారి వైపర్ తిప్పితే చాలు, ఇసుక రేణువు అద్దాన్ని గీసేస్తుంది. పగలు ఆ గీతలు కనపడవు. రాత్రి ఎదురు బండి లైటు పడినప్పుడు అద్దమంతా సాలెగూడులా మెరుస్తుంది. పాత కార్లకు ముందు అద్దం దొరకడమే కష్టం. అందుకే పని పూర్తయ్యే వరకు పొడి అద్దం మీద వైపర్ వేయకండి.

కావాల్సినవి

చిన్న స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లయర్, 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్ (వైరులో కరెంటు ఉందో లేదో వెలిగి చెప్పే చిన్న దీపం), 20 లేదా 50 మిల్లీలీటర్ల సిరంజి (సూది అక్కర్లేదు, మెడికల్ షాపులో దొరుకుతుంది), నున్నటి ఉప్పుకాగితం ముక్క, వినెగర్, పాత టూత్ బ్రష్, మాస్కింగ్ టేపు. అద్దం మీదికి నీళ్లు చిమ్మే నాజిల్ రంధ్రం శుభ్రం చేయడానికి ఎలక్ట్రికల్ వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగు. గుండుసూది వాడొద్దు, ఎందుకో కింద చెబుతాను.

రెండు మీటర్ల ట్యూబ్ కూడా దగ్గర పెట్టుకోండి. చాలా కార్లకు లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్ల ట్యూబ్ సరిపోతుంది. అయినా మీ పాత ట్యూబ్ ముక్క కోసి షాపుకు తీసుకెళ్లండి. చెన్నైలో కొత్త స్పేర్లకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పాత విడిభాగాలకు పుదుపేట. బెంగళూరులో ఉన్నవాళ్లకు జేసీ రోడ్డు. పరీక్ష కోసం మాత్రమే అయితే కొళత్తూరు చేపల తొట్టెల దుకాణాల్లో దొరికే గాలి ట్యూబ్ చాలు. దాన్ని బానెట్ కింద శాశ్వతంగా ఉంచకండి. ఇంజిన్ వేడికి గట్టిపడి పగులుతుంది.

మీ కారులో ఏ రకం ఉంది?

పాత కార్లలో ఎక్కువగా రెండు రకాలు కనిపిస్తాయి: డ్యాష్‌బోర్డ్ మీద బొత్తాన్నో కాలి కింద రబ్బరు బుడ్డినో నొక్కే చేతి పంపు, లేదా 12 వోల్టుల మోటార్. వోక్స్‌వ్యాగన్ బీటిల్ పద్ధతి వేరు. అందులో నీళ్లను నెట్టేది స్టెప్నీ టైరులోని గాలి. బీటిల్ ఉన్నవాళ్లు ముందు స్టెప్నీలో గాలి చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

చేతి పంపు అయితే మీ బొటనవేలే పరీక్ష చేసి పెడుతుంది. బొత్తం గట్టిగా ఉండి లోపలికి పోకపోతే పంపుకీ నాజిల్‌కీ మధ్య అడ్డం ఉంది. లోపలికి పోయి తిరిగి పైకి రాకపోతే బాటిల్ వైపు అడ్డం ఉంది. రెండూ సులువుగా జరుగుతూ నీళ్లు మాత్రం రాకపోతే ఎక్కడో గాలి లాగుతోంది, లేదా పంపు లోపలి రబ్బరు వాల్వ్ పోయింది. కారణం తెలిసింది కాబట్టి కింది మెట్లలో కరెంటు సంగతి వదిలేసి మిగతావి చేయండి.

1. చెవి పెట్టండి

ఇంజిన్ ఆపి, తాళం ఆన్ స్థానంలో ఉంచి, ఒకరిని లోపల కూర్చోబెట్టి స్విచ్ నొక్కమనండి. మీరు బాటిల్ దగ్గర చెవి పెట్టండి. "జుయ్" మని మోటార్ తిరుగుతున్న చప్పుడు వస్తే కరెంటు బాగుంది, 2 నుంచి 6 వరకు చూడండి. చప్పుడే లేకపోతే 2 చూసి నేరుగా 7కు వెళ్లండి. "టిక్" మని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతే మోటార్ పట్టేసి ఉండొచ్చు, 8 చూడండి.

బాటిల్ ఖాళీగా ఉన్నప్పుడు స్విచ్ నొక్కి పట్టుకోకండి. ఈ పంపులకు లోపలి నీళ్లే చల్లదనం. రెండు మూడు సెకన్లు చాలు.

2. బాటిల్, దాని మూత

మూత గురించి నేను కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నాకు ఇదే పెద్ద పాఠం.

నా 1984 పద్మినిలో స్విచ్ నొక్కగానే రెండు చిమ్ములు బాగా వచ్చేవి. మూడోది సన్నగా. తర్వాత ఏమీ లేదు. కాసేపు ఆగి నొక్కితే మళ్లీ రెండు. ఒక వర్క్‌షాపులో మోటార్ పోయిందన్నారు, మార్పించాను. పదిరోజులకు మళ్లీ అదే వరస. ఇంకో మోటార్ వేశారు. చివరికి నెల్లూరు నుంచి వచ్చిన మా బాబాయి బానెట్ ఎత్తి, నన్ను స్విచ్ నొక్కమని, బాటిల్ వైపే చూస్తూ నిలబడ్డారు. "ఒరేయ్, దీని బుగ్గలు లోపలికి పోతున్నాయి చూడు" అన్నారు. మూత కాస్త వదులు చేయగానే "ఫుస్" మని గాలి లోపలికి పోయింది, నీళ్లు ధారగా వచ్చాయి. మూత మీద గాలి పోయే సన్న రంధ్రం ఉంటుంది. బానెట్ లోపల రంగు వేసినప్పుడు అందులో పెయింటు పడి మూసుకుపోయింది. నీళ్లు బయటికి పోతే ఆ ఖాళీలోకి గాలి రావాలి కదా. రాకపోతే పంపు ఎంత లాగినా లాభం లేదు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పరీక్ష: మూత తీసి స్విచ్ నొక్కండి. ఇప్పుడు బాగా వస్తే తప్పు మూతదే. సూదితో రంధ్రం తెరవండి (ఇక్కడ సూది వాడొచ్చు). రంధ్రం లేని వేరే మూత ఎవరైనా పెట్టి ఉంటే 1 మిల్లీమీటరు రంధ్రం చేయండి.

తర్వాత బాటిల్ అడుగు చూడండి. చెన్నై ఎండకు తెల్ల ప్లాస్టిక్ బాటిళ్లలో ఆకుపచ్చ పాచి పట్టేస్తుంది. బాటిల్ విప్పి, మోటార్ దానికే బిగించి ఉంటే మోటార్ తీసేసి, గుప్పెడు బియ్యం, చెంచా వంటసోడా, గోరువెచ్చని నీళ్లు పోసి బాగా గిలకరించండి. ఇంట్లో మూతి సన్నగా ఉండే సీసాలు కడిగే పద్ధతే. వేడి నీళ్లు మాత్రం పోయకండి, పాత ప్లాస్టిక్ వంకర పోతుంది. తర్వాత కనీసం నాలుగుసార్లు కడిగి, బాటిల్‌ని వెలుతురుకు పెట్టి చూడండి. ఒక్క బియ్యపు గింజ మిగిలినా నేరుగా పంపులోకి పోతుంది.

3. అడుగున ఉండే జల్లెడ

నీళ్లు లాగే ట్యూబ్ చివర, లేదా మోటార్ కూర్చునే రబ్బరు వాషర్ లోపల, చిన్న జాలీ ఉంటుంది. దాన్ని బయటికి తీసి టూత్ బ్రష్‌తో కడగండి. గీకినా పోని తెల్లటి పొర ఉంటే అది బోరు నీళ్ల ఉప్పు. సగం వినెగర్, సగం నీళ్లలో ఒక గంట నానబెట్టండి. జాలీ చిరిగిపోయిందని తీసి పారేసి అలాగే బిగించకండి. రెండు నెలల్లో నాజిల్ మూసుకుపోతుంది.

4. నీళ్లు ఎక్కడి వరకు వస్తున్నాయి?

నాజిల్ దగ్గర ట్యూబ్ ఊడదీసి, చివరను గ్లాసులో పెట్టి, 5 సెకన్లు స్విచ్ నొక్కించండి. గ్లాసులోకి గట్టిగా వస్తే తప్పు నాజిల్‌లో ఉంది, 5కు వెళ్లండి. రాకపోతే ఒక్కో జాయింటూ వెనక్కి ఊడదీస్తూ రండి: ముందు టీ జాయింట్ (ట్యూబ్ రెండుగా చీలే చోటు), తర్వాత వాల్వ్ (6లో చెబుతాను), చివరికి పంపు మూతి. ఎక్కడ నీళ్లు కనిపిస్తాయో దానికి నాజిల్ వైపు, అప్పుడే ఊడదీసిన ముక్కలోనే అడ్డం.

నీళ్లు ఆగకుండా కారిపోతుంటే ఈ మూడు చోట్లు చూడండి. బానెట్ కబ్జా దగ్గర ట్యూబ్ నలిగి ఉండొచ్చు. ఇంజిన్ మానిఫోల్డుకు దగ్గరగా వెళ్లే చోట గట్టిపడి పగిలి ఉండొచ్చు. ఇక అపార్టుమెంటు కింద పార్కింగ్ అయితే ఎలకలు, పందికొక్కులు. కొరికిన గుర్తులు ట్యూబ్ మీద కనిపిస్తే పక్కనున్న వైర్లు కూడా అప్పుడే చూసుకోండి.

ట్యూబ్ కొస వదులైతే ట్యూబ్ మొత్తం మార్చక్కర్లేదు. గట్టిపడ్డ సెంటీమీటరు ముక్క కోసేసి, కొసను వేడి నీళ్లలో ముంచి మెత్తబడగానే ఎక్కించండి. చల్లారాక దానంతటదే బిగుస్తుంది. గ్రీజు, నూనె రాయకండి, అది అద్దం మీదికి చేరి నూనె పొరలా పరుచుకుంటుంది.

పంపు నీళ్లు లాగే వైపు ట్యూబ్‌కు చిన్న చీలిక ఉంటే బయటికి చుక్క కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. పైకి అంతా పొడిగా ఉన్నా చిమ్ము బుడగలు బుడగలుగా వస్తుంటే అనుమానం అటే పెట్టుకోండి.

5. నాజిల్

ఒక వైపే నీళ్లు వస్తుంటే దాదాపు ఎప్పుడూ కారణం ఇదే. కారు పైనున్న వాక్స్, పాలిష్, ఉప్పు, ఒక్కోసారి మట్టిగూళ్లు కట్టే కందిరీగ పెట్టిన మట్టి కూడా అందులో ఇరుక్కుంటాయి. చెట్ల కింద నెలలపాటు నిలిపి ఉంచే కార్లలో చివరిది నేను చాలా చూశాను.

నాజిల్ చుట్టూ పెయింటు మీద మాస్కింగ్ టేపు అంటించండి. కింద ట్యూబ్ తీసేసి, పైనుంచి రాగి పోగును మెల్లగా దూర్చి తిప్పండి. గుండుసూదో సేఫ్టీ పిన్నో వాడితే రంధ్రం పెద్దదవుతుంది, అప్పుడు నీళ్లు చిమ్మవు, కారతాయి. తర్వాత సిరంజిలో వినెగర్ నీళ్లు నింపి నాజిల్ పైనుంచి కిందికి, అంటే ఎదురు దిశలో, నెట్టండి. లోపలి చెత్త వచ్చిన దారినే పోవాలి. మామూలు దిశలో నెడితే ఇంకా బిగుసుకుంటుంది. వినెగర్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

పంక్చర్ షాపులో గాలి కొట్టించడం చాలామంది చేసే పని. ట్యూబులు, వాల్వ్ బిగించి ఉండగా అది ఎప్పుడూ చేయకండి. ఆ ఒత్తిడికి పాత జాయింట్లు ఒక్క దెబ్బతో ఊడతాయి, వాల్వ్ రబ్బరు చిరుగుతుంది. కొట్టించాలనుకుంటే నాజిల్ విప్పి చేతిలో పట్టుకుని, దానికి మాత్రమే కొట్టించండి.

6. వాల్వ్

ట్యూబ్ మధ్యలో చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, నీళ్లను ఒకే వైపు పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్. కొన్ని కార్లలో అది అడుగు జల్లెడలోనే ఉంటుంది. ఇది పాడైతే రెండు రకాల గుర్తులు. స్విచ్ నొక్కిన మూడు నాలుగు సెకన్ల తర్వాత గానీ నీళ్లు రాకపోవడం ఒకటి, నీళ్లు ప్రతిసారీ బాటిల్‌లోకి వెనక్కి పోతున్నాయి కాబట్టి. స్విచ్ నొక్కకుండానే నీళ్లు వాటంతటవే కారిపోవడం రెండోది. బాటిల్ నాజిల్ కంటే ఎత్తులో ఉన్న కార్లలో ఇది జరుగుతుంది.

వాల్వ్ తీసి కడిగి నోటితో ఊదండి. ఒక వైపు గాలి పోవాలి, రెండో వైపు పోకూడదు. బిగించేటప్పుడు బాణం గుర్తు నాజిల్ వైపు ఉండాలి. తిరగేసి బిగించి "కొత్త వాల్వ్ వేశాక అసలే రావడం లేదు" అనేవాళ్లు తరచుగా కనిపిస్తారు. అత్యవసరమైతే చేపల తొట్టె గాలి పంపుకు వాడే చెక్ వాల్వ్ పనిచేస్తుంది, దొరికేదాకా గడుపుకోవచ్చు.

7. కరెంటు వస్తోందా?

ముందు ఫ్యూజ్. పద్మిని లాంటి ఫియట్ తరహా కార్లలో పింగాణీ ముక్క మీద లోహపు పట్టీ ఉన్న ఫ్యూజులు, అంబాసిడర్ లాంటి వాటిలో గాజు గొట్టం ఫ్యూజులు ఉంటాయి. ఫ్యూజ్ పోకపోయినా దాని కొసలు నల్లబడి కరెంటు ఆగిపోతుంది. తీసి, రెండు కొసలూ పట్టుకునే క్లిప్పులూ ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది పెట్టండి. పోయిన ఫ్యూజ్ స్థానంలో రాగి తీగ చుట్టకండి. పాత కార్ల వైర్ల తొడుగు ఎండిపోయి ఉంటుంది, తీగ కాలకముందే అది కాలుతుంది.

తర్వాత మోటార్ దగ్గరి పిన్నులు. సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి ఇవి ఆకుపచ్చగా పూత పట్టి ఉంటాయి. 2015 డిసెంబర్ వరదలోనో, 2023 డిసెంబర్ మిగ్‌జాం తుపానులోనో నీళ్లలో నిలబడ్డ కారైతే పిన్నులే కాదు, తొడుగు లోపల వైరు కూడా నల్లగా తినేసి ఉండొచ్చు. నల్లబడ్డంత వరకు కోసేసి కొత్త పిన్ను వేయండి.

టెస్ట్ ల్యాంప్ క్లిప్పును బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి, స్విచ్ నొక్కించి, మొనతో మోటార్‌కు వచ్చే వైరు తాకండి. దీపం బాగా వెలిగితే మోటార్ వరకు కరెంటు సవ్యంగా వస్తున్నట్టే. ఇప్పుడు క్లిప్పును పాజిటివ్‌కు మార్చి ఎర్త్ వైరు తాకండి. వెలగకపోతే ఎర్త్ తప్పు. బాడీకి బిగించిన స్క్రూ విప్పి తుప్పు గీకి మళ్లీ బిగించండి. కొన్ని కార్లలో స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది, అందులో మోటార్ దాకా కరెంటు ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి రెండు వైర్లనూ స్విచ్ నొక్కి ఉంచే చూడండి. పాత బ్రిటిష్ డిజైన్ కార్లు కొన్ని పాజిటివ్ ఎర్త్. బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి కలిపి ఉందో ముందే చూసుకుని, అలాంటి కారైతే పైన చెప్పిన నెగటివ్, పాజిటివ్‌లను తారుమారు చేసుకోండి.

మల్టీమీటర్ ఉందిగా, టెస్ట్ ల్యాంప్ ఎందుకు అంటారు కొందరు. ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది. ఆ ఒక్క పోగు మోటార్‌ను తిప్పలేదు. దీపం నిజంగా కరెంటు లాగుతుంది కాబట్టి మసకగా వెలిగి నిజం చెబుతుంది.

8. ఇప్పుడు మోటార్

కరెంటు వస్తోంది, ఎర్త్ బాగుంది, అయినా చప్పుడు లేదు. అప్పుడు కూడా వెంటనే పారేయకండి. బాటిల్‌లో నీళ్లుంచి, స్విచ్ నొక్కి ఉండగా స్క్రూడ్రైవర్ పిడితో మోటార్‌ను మెల్లగా తట్టండి. నెలల తరబడి వాడకపోతే పట్టేసిన మోటార్లు ఈ తట్టుకే కదులుతాయి. కదలకపోతే 5 ఆంపియర్ల ఫ్యూజ్ కలిపిన రెండు వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా ఇవ్వండి, రెండు సెకన్లు సరిగ్గా, రెండు సెకన్లు తిరగేసి. చివరి కలుపు ఎప్పుడూ మోటార్ దగ్గరే చేయండి. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేస్తే అక్కడి గ్యాస్ అంటుకుంటుంది.

అప్పటికీ తిరగకపోతే అది నిజంగా పోయింది. కొత్తది కొనేటప్పుడు 12 వోల్టులు, మూతి సైజు, బిగించే పద్ధతి, ఈ మూడూ పాతదానితో పోల్చుకోండి. వైర్లు తారుమారైతే చాలా పంపులు తిరుగుతాయి గానీ నీళ్లను బలంగా నెట్టవు. కొత్త మోటార్ వేశాక చిమ్ము నీరసంగా ఉంటే పిన్నులు మార్చి చూడండి. పాత మోటార్ చెడిపోయినా దాని మూత, బ్రాకెట్, రబ్బరు వాషర్ దాచుకోండి.

9. ఏ నీళ్లు పోయాలి?

ఇంట్లో ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పాత పంచె గుడ్డలో వడకట్టి పోయండి. వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. అవి లేకపోతే బ్యాటరీ డిస్టిల్డ్ వాటర్, లేదా ఆర్‌ఓ తాగే నీళ్లు. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, బోరు నీళ్ల కంటే ఎక్కువ ఉప్పు వాటిలో ఉంటుంది. లీటరుకు కార్ షాంపూ రెండు మూడు చుక్కలు చాలు. బట్టల సబ్బు పొడి వేస్తే నురగ వస్తుంది, అడుగున గడ్డకట్టి 3, 5 మెట్లు మళ్లీ చేయాల్సి వస్తుంది. రేడియేటర్ కూలెంట్ పోయకండి, అది విషం, పైగా అద్దం మీద జిడ్డు పొర కడుతుంది.

10. గురి, పరీక్ష

నాజిల్‌లో చిన్న గుండు ఉంటే సన్నని పిన్నును కొద్దిగా దూర్చి తిప్పండి, రంధ్రంలోకి పొడవకండి. పాత ఇత్తడి నాజిళ్లలో కింద నట్టు కాస్త వదులు చేసి తల తిప్పాలి. కారు ఆగి ఉన్నప్పుడు ధార వైపర్ తిరిగే ప్రాంతంలో మధ్య కంటే కాస్త పైన పడాలి. రోడ్డు మీద 60 దాటితే ఎదురుగాలి దాన్ని కిందికి నొక్కుతుంది. ధార కప్పు మీదుగా వెనక్కి పోతుంటే మరీ ఎత్తు, బైకు మీద వెనకాల వచ్చేవాళ్ల ముఖాన పడుతుంది.

ఇప్పుడు 4వ మెట్టులోని గ్లాసు పరీక్ష మళ్లీ చేయండి. 5 సెకన్లలో ఎంత వచ్చిందో కొలిచి, బానెట్ లోపల ఒక టేపు ముక్క మీద తేదీతో రాసి అంటించండి. నా కారులో అర గ్లాసు దాకా వస్తుంది. మీ కారు అంకె వేరే ఉండొచ్చు, ఆరు నెలల తర్వాత అది తగ్గిందా లేదా అన్నదే మీకు కావాలి. ట్యూబ్ మళ్లీ నాజిల్‌కు ఎక్కించాక వరుసగా ఆరుసార్లు నొక్కి, ఆరోది కూడా మొదటి దానంత బలంగా వస్తోందా చూడండి. అలా వస్తే మూత రంధ్రం బాగున్నట్టు.

చివరిగా రాత్రి పరీక్ష. బాటిల్ మీద నీటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి, కారు కింద పాత న్యూస్‌పేపర్ పరవండి. తెల్లారి చూసేసరికి పేపరు పొడిగా ఉండి, నీళ్లు గీత దగ్గరే నిలిస్తే బానెట్ మూసేయండి. పేపరు తడిస్తే, ఆ తడి ఏ జాయింటు కింద ఉందో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టండి. పేపరు పొడిగా ఉండి గీత మాత్రం దిగితే నీళ్లు నాజిల్ నుంచే పోయాయి, వాల్వ్ మళ్లీ తీసి ఊది చూడండి.